ఎర్ర బిళ్ళ

స్తంభం విరిగినప్పుడు పెద్ద చప్పుడేమీ కాలేదు. పుచ్చిన కర్ర ఎప్పుడూ అంతే. ఏళ్ళ తరబడి వాన నీళ్ళు తాగి తాగి మొదలు దగ్గర మెత్తబడ్డ ఆ టెలిఫోన్ స్తంభం, మెల్లగా పక్కకి ఒరిగి, పైన నడుముకి బెల్టు బిగించుకుని పని చేస్తున్న మనిషితో సహా రోడ్డు మీద పడింది. దూకి తప్పించుకుందామన్నా కుదరదు. పడిపోకుండా ఉండడానికి కట్టుకున్న బెల్టే అతన్ని స్తంభానికి కట్టేసింది.

టెలిఫోన్ కంపెనీ లైన్ల మనిషి డెరిక్ సట్‌క్లిఫ్ అప్పుడే వ్యాను మలుపు తిప్పాడు. అంతా కళ్ళారా చూశాడు. బ్రేకు తొక్కి, తలుపు వేయడం కూడా మరిచి పరుగెత్తాడు. వయసు మళ్ళిన మోకాళ్ళు మొరాయించినా పరుగెత్తాడు.

పడ్డవాడు క్రాస్‌డేల్ కాంట్రాక్టరు మనిషి. రుమేనియా నుంచి వచ్చినవాడు, పేరు దోరిన్. థార్న్‌షా లోయలో లైన్లు లాగే పనిలో రెండేళ్ళుగా కనబడుతున్నాడు. ఎదురైతే తలూపేవాడు, డెరిక్ కూడా తలూపేవాడు. ఒక్కసారైనా కలిసి టీ తాగింది లేదు. కంపెనీ ఉద్యోగులు వేరు, ఇంటికింత అని కూలి తీసుకునే కాంట్రాక్టు వాళ్ళు వేరు. ఆ గీత ఎవరు గీశారో ఎవరికీ గుర్తులేదు గానీ ఇద్దరూ దాన్ని దాటేవాళ్ళు కాదు.

"కదలకు నాయనా. కదలకు. అంబులెన్సు వస్తోంది."

"కాళ్ళు..." అన్నాడు దోరిన్. "నా కాళ్ళు ఎక్కడున్నాయి?"

ఉన్నాయి. ఉండాల్సిన చోటే ఉన్నాయి. అతనికే తెలియడం లేదు. పక్కనున్న గొర్రెల దొడ్డి ఇంటామె దుప్పటి పట్టుకుని పరుగున వచ్చింది. ఆమె ఫోను బాగు చేయడానికే అతను ఎక్కాడు. "నేనే పిలిపించాను, నేనే పిలిపించాను," అని వానలో నిలబడి ఒకటే ఏడుపు.

డెరిక్ దుప్పటి అందుకుని దోరిన్‌కి కప్పాడు గానీ ఆమె వంక చూడలేదు. విరిగిన స్తంభం మొదలు వైపు చూస్తున్నాడు. లోపల అంతా నల్లగా, తడి పొట్టులా ఉంది. ఆ స్తంభం అతనికి తెలుసు. వేసవిలో పరీక్ష చేసింది తనే.

ఆ పరీక్ష చిన్నపిల్లలకి కూడా నేర్పొచ్చు. ఎక్కే ముందు సుత్తితో కొట్టాలి. మంచి కర్ర ఖంగుమంటుంది, పుచ్చిన కర్ర మొద్దుగా మూలుగుతుంది. అప్పుడు నేల దగ్గర స్క్రూడ్రైవరు గుచ్చాలి. అది లోపలికి దిగిందంటే స్తంభం పనైపోయినట్టే. వెంటనే కళ్ళ ఎత్తున ఎర్ర రేకు బిళ్ళ కొట్టాలి. ఎర్ర బిళ్ళ పడ్డ స్తంభాన్ని ఆ తర్వాత ఎవడూ ఎక్కడు. ఎక్కమని చెప్పే అధికారం మేనేజరు బాబుకి కూడా లేదు. లైన్ల మనుషులు తరతరాలుగా నమ్ముకున్న కట్టుబాటు అది.

ఆ రోజు స్క్రూడ్రైవరు పిడి దాకా దిగింది. డెరిక్ ఆఫీసుకి చెప్పాడు. బిళ్ళ మాత్రం కొట్టలేదు. ఆ బిళ్ళ ఇప్పటికీ వ్యానులో, మేకుల డబ్బాలో ఉంది.

ఎందుకు కొట్టలేదో చెప్పాలంటే దేశం సంగతి కొంచెం చెప్పాలి. దేశంలోని తీగలన్నీ, స్తంభాలన్నీ, భూమిలోని గొట్టాలన్నీ లైన్‌వర్క్స్ అనే విభాగం చేతిలో ఉన్నాయి. ఇంటింటికీ ఇంటర్నెట్టు వెళ్ళేది వాటి మీదే. ఆ లైన్‌వర్క్స్ ఆల్బియన్ టెలికాం అనే పెద్ద కంపెనీ సొత్తు. మిగతా ఇంటర్నెట్ కంపెనీలన్నీ దానికి అద్దె కట్టి ఆ తీగలే వాడుకుంటాయి. వాళ్ళకి కడుపుమంట. "తల్లి తన పిల్లని మాడ్చి చంపుతోంది, తీగల మీద వచ్చిన లాభంతో ఫుట్‌బాల్ ప్రసార హక్కులు కొంటోంది, పిల్లని విడదీయండి," అని గోల చేశారు. ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. లైన్‌వర్క్స్ మాతృసంస్థలోనే ఉండాలా, విడిపోవాలా? పార్లమెంటులో అదే మాట, టీవీలో అదే మాట.

అద్దె కంపెనీల వాళ్ళు ఊరూరా తిరిగి ఎర్ర బిళ్ళ పడ్డ స్తంభాలకి ఫోటోలు తీశారు. పేపర్లలో వేశారు. ఆల్బియన్‌కి దడ పుట్టింది. యూనియన్ని పిలిచి, "శత్రువు చేతికి కత్తి ఇవ్వకండి. మనం మనం ఒక కుటుంబం," అంది. యూనియన్‌కి కంపెనీ మీద ప్రేమేం లేదు, భయం ఉంది. విడదీస్తే లైన్‌వర్క్స్‌ని ఏదో డబ్బు సంచుల ముఠా కొనుక్కుంటుంది, పింఛనుకి మాతృసంస్థ ఇచ్చిన హామీ గాలికి పోతుంది. అది ఉత్త భయం కూడా కాదు, అలాంటివి జరిగాయి. అందుకని థార్న్‌షా శాఖ సమావేశంలో తీర్మానం పెట్టారు. కమిషన్ తేల్చేదాకా కొత్త బిళ్ళలు కొట్టొద్దు, ఆఫీసుకి చెప్పి ఊరుకుందాం అని. అందరూ చేతులెత్తారు. డెరిక్ కూడా ఎత్తాడు. క్రిస్మస్ వెళ్ళాక రిటైరయ్యే మనిషి, ఎత్తకేం చేస్తాడు?

ఆఫీసు "వరసలో ఉంది" అంది. వరసలోనే ఉండిపోయింది.

*

ఆ సాయంత్రం డెరిక్ కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. భార్య నోరీన్ గమనించింది.

"ఆ బంగాళాదుంపలు నీకేం ద్రోహం చేశాయి? ఇందాకట్నుంచీ పొడుస్తున్నావ్."

"ఆకలి లేదు."

"లేదని తెలుస్తూనే ఉంది. వెళ్ళి చూసిరా ఆ మనిషిని. ఇక్కడ కూర్చుని దుంపల్ని చంపితే అతనికి ఒరిగేదేముంది?"

"వెళ్ళి ఏం చెప్పను?"

"జరిగింది చెప్పు. నాకు చెప్పావుగా."

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాడు. వెన్నెముక దెబ్బ తిన్నదనీ, నడుస్తాడో లేదో చెప్పలేమనీ నర్సు చెప్పింది. మంచం పక్కన కోస్తెల్ కూర్చుని ఉన్నాడు. ఇతనూ క్రాస్‌డేల్ మనిషే, దోరిన్‌దీ ఇతనిదీ ఒకే ఊరు. మంచి పొడగరి, గడ్డం గీసుకుని రెండు రోజులైనట్టుంది.

డెరిక్ తెచ్చిన ద్రాక్షపళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు.

"నువ్వు పెద్దవాడివి, లేవలేకపోతున్నాను, తప్పుగా అనుకోకు," అన్నాడు దోరిన్. "దుప్పటి కప్పింది నువ్వేగా. సంతోషం."

"ఎక్కేముందు సుత్తితో కొట్టలేదా నాయనా?"

"కొట్టాను."

"ఏమంది?"

"మొద్దుగా అంది. నేను విన్నాను."

"విని ఎక్కావా!"

దోరిన్ నవ్వబోయి నొప్పికి ఆగాడు. "నీకు జీతం. స్తంభం బాలేదని వెనక్కి వెళ్ళినా నీ జీతం నీకొస్తుంది. నాకు ఇంటికింత. లైను మాట్లాడితేనే కూలి. వ్యాను అద్దె నేనే కట్టాలి, పెట్రోలు నేనే పోయించుకోవాలి. ఉత్త చేతుల్తో వెళ్తే క్రాస్‌డేల్ వాడు ఏమంటాడో తెలుసా? 'బిళ్ళ ఉందా? లేదు కదా. బిళ్ళ లేని స్తంభం ఎందుకెక్కవు? భయమైతే మీ ఊరెళ్ళిపో' అంటాడు. బిళ్ళ ఉంటే వాడికి నోరు లేవదు. బిళ్ళ ఉంటే నేను బతికిపోయేవాణ్ణి."

డెరిక్ ద్రాక్షపళ్ళు నేల మీద పెట్టాడు.

"బిళ్ళ నా దగ్గరుంది," అన్నాడు. "నా వ్యానులో. ఆ స్తంభాన్ని పరీక్ష చేసింది నేనే."

ఆ తర్వాత కారణం చెప్పాల్సి వచ్చింది. కమిషన్, ఫోటోలు, పేపర్లు, పింఛను హామీ. సమావేశంలో అన్నీ ఎంతో సబబుగా అనిపించిన మాటలు. ఈ మంచం ముందు ఒక్కొక్కటే చెబుతుంటే తన నోరే తనకి ఏవగింపు కలిగించింది. మధ్యలో ఆపేద్దామనుకున్నాడు, ఆపలేదు.

దోరిన్ పైకప్పు వంకే చూస్తున్నాడు.

"మీ కంపెనీ ఫోటో బాగా పడాలని," అన్నాడు, "నా నడుం విరగ్గొట్టారన్నమాట."

తర్వాత తల తిప్పి కోస్తెల్‌తో తమ భాషలో ఏదో అన్నాడు. కోస్తెల్ ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ఏమన్నాడు?" అని అడిగాడు డెరిక్.

"ఏదో అన్నాడులే. అది నీకు చెప్పేది కాదు. ఇంటికి వెళ్ళు పెద్దాయనా."

*

శాఖ సమావేశం ఎప్పటిలాగే కార్మికుల క్లబ్బులో పెట్టారు. బయట వాన. లోపల బీరు వాసన, తడి కోట్ల వాసన. శాఖ కార్యదర్శి గ్వెన్ ఆక్రాయిడ్ బల్ల వెనక కూర్చుంది. ఆమె కూడా స్తంభాలెక్కే మనిషే. బిళ్ళలు ఆపే తీర్మానం పెట్టింది ఆమే. ఈ మూడు నాలుగు రోజుల్లో ఆమె ముఖం పీక్కుపోయింది. పక్కన లండన్ నుంచి వచ్చిన యూనియన్ కేంద్ర కార్యాలయం నాయకుడు పెటిగ్రూ ఉన్నాడు.

సమావేశం మొదలు కాకుండానే గుమ్మం దగ్గర గొడవ మొదలైంది. కోస్తెల్, వెంట మరో ఏడెనిమిది మంది క్రాస్‌డేల్ మనుషులు లోపలికి వస్తామంటున్నారు. క్లబ్బు చూసుకునే ముసలి వాల్టర్ చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"సభ్యులు కాని వాళ్ళని రానివ్వను నాయనా. నా రాజ్యంలో అంతే. సభ్యుడెవడైనా అతిథిగా సంతకం పెట్టి తెచ్చుకోవాలి."

"యూనియన్ సమావేశంలోకి వాళ్ళెందుకు?" అని లోపల్నుంచి ఎవరో కేకేశారు. "మన పని తక్కువ కూలికి చేసేది వాళ్ళేగా!"

"అవున్రా, నీ స్తంభం నువ్వెక్కనంటే ఎక్కేది కూడా వాళ్ళే," అన్నాడు జాహిద్ మహమూద్. ఇతనూ లైన్ల మనిషే. నోరు పెద్దది, కాని మాట సూటిగా ఉంటుంది.

డెరిక్ లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. అతిథుల పుస్తకం తెరిచి, కోస్తెల్ పేరు ఎదుట సంతకం పెట్టాడు. ఇంకొకతని పేరు దగ్గరా పెట్టాడు. మూడో సంతకానికి వంగితే వాల్టర్ పుస్తకం మీద అరచెయ్యి వేశాడు.

"ఒక సభ్యుడికి ఇద్దరే. ముప్ఫై ఏళ్ళనుంచి వస్తున్నావ్, తెలీదా?"

"అయితే ఇంకో ఇద్దరు నా అతిథులు," అని జాహిద్ వచ్చాడు.

"నువ్వు ఏనాడైనా బీరు ముట్టావా ఇక్కడ?"

"నీ నిమ్మరసం తాగీ తాగీ నా పళ్ళు పులిశాయి. అది లెక్కలోకి రాదా?"

నవ్వులు. ఆ నవ్వుల్లో మరొకరు లేచారు, ఇంకొకరు లేచారు. లేవని వాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. వాళ్ళు గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. క్రాస్‌డేల్ మనుషులు మొత్తానికి లోపలికి వచ్చి, కుర్చీలున్నా కూర్చోకుండా గోడ పక్కన నిలబడ్డారు.

పెటిగ్రూ మాట్లాడాడు. మోసగాడు కాదు, మాట నేర్చినవాడు, తన మాటని తనే నమ్మినవాడు.

"ఆ ప్రమాదానికి నా గుండె తరుక్కుపోతోంది. కాని మిత్రులారా, వచ్చే మంగళవారం కమిషన్ మీ ఊరికి వస్తోంది. టౌన్ హాల్లో విచారణ. సరిగ్గా ఇప్పుడు మీరు బిళ్ళలు కొడితే రేపు పేపరంతా మీ లోయే. లైన్‌వర్క్స్‌ని కోసి అమ్మేస్తారు. కొన్నవాడు మొదట కోసేది మీ పింఛను. ఇక్కడ జుట్టు నెరిసిన వాళ్ళున్నారు. ముసలితనంలో వాళ్ళని రోడ్డున పడేస్తారా? ఒక్క నెల ఓపిక పట్టండి. తర్వాత కంపెనీని మెడ పట్టి అడుగుదాం."

చప్పట్లు పడ్డాయి. కొన్ని గట్టిగానే పడ్డాయి.

"నెలలో ఇంకొకడు పడితే?" అన్నాడు జాహిద్.

"పడకుండా చూసుకుందాం."

"ఎట్లా? స్తంభాల్ని బతిమాలుకునా? మన తీగల డబ్బుతో తల్లి కంపెనీ ఫుట్‌బాల్ ఆటలు కొంటోంది. ఒక్క స్తంభం మార్చమంటే వరస అంటోంది. అట్లాంటి తల్లికి మనం కాపలా కాస్తున్నాం!"

"అయితే ఆ అద్దె కంపెనీల పల్లకీ మోస్తావా?"

"నేనెవడి పల్లకీ మోయను!"

అరుపులు పెరిగాయి. లోపలుంటేనే మేలు అని ఒకళ్ళు, బయటికి పోతేనే మేలు అని ఒకళ్ళు. గ్వెన్ బల్ల మీద గ్లాసుతో కొట్టి కొట్టి అలిసిపోయింది. అప్పుడు గోడ పక్కనుంచి కోస్తెల్ చెయ్యెత్తాడు. బడిపిల్లాడిలా ఎత్తి, పిలిచేదాకా ఆగాడు.

"నాకు మీ గొడవ అర్థం కాలేదు," అన్నాడు. "లోపలుంటే ఏమవుతుంది, బయటికెళ్తే ఏమవుతుంది అని వింటున్నాను. తల్లి దగ్గరుంటే మాకు క్రాస్‌డేల్. విడిపోతే మాకు క్రాస్‌డేల్. ఆ అద్దె కంపెనీలకి లైన్లు లాగేది ఎవరనుకున్నారు? సోమవారం మీ చొక్కా, గురువారం వాళ్ళ చొక్కా, మనుషులం మేమే. పింఛను అంటున్నారు. బాగుంది. దోరిన్‌కి ఏ పింఛను?"

డెరిక్ లేచాడు. ఇన్నేళ్ళలో అతను సమావేశంలో లేచి మాట్లాడింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అదీ క్లబ్బులో టీ బాలేదని.

"పింఛనుకి అందరికంటే దగ్గరగా ఉన్నది నేనే," అన్నాడు. జేబులోంచి ఎర్ర బిళ్ళ తీసి గ్వెన్ బల్ల మీద పెట్టాడు. "ఇది ఆ స్తంభానిది. దీన్ని వ్యానులో పెట్టుకుని వేసవంతా తిరిగాను. మనందరం చెయ్యెత్తాం కదా అని సర్దిచెప్పుకున్నాను. అందరం కలిసి చేసిన తప్పయితే ఎవడి నడుమూ విరగదా? ఆ మనిషికి ఉన్నదల్లా ఈ రేకు ముక్క. ఇదొక్కటుంటే ఎక్కనని చెప్పే హక్కు అతనికుండేది. దాన్ని కంపెనీ గుంజుకోలేదు. మనం గుంజుకున్నాం. మన పింఛను కోసం."

కూర్చోబోయి మళ్ళీ లేచాడు.

"పింఛను పోతే పోరాడదాం. నేనూ వస్తాను, కర్ర పట్టుకునైనా వస్తాను. కాని ఇంకొకణ్ణి పడేసి తెచ్చుకున్న పింఛను నాకు సయించదు. నెల దాకా ఆగొద్దు. సరిగ్గా మంగళవారమే కొడదాం. వాళ్ళందరూ చూస్తుండగా."

గ్వెన్ ఆ బిళ్ళని తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "ఆపమన్న తీర్మానం పెట్టింది నేను," అంది. "రద్దు తీర్మానం కూడా నేనే పెడతాను. పుచ్చిన ప్రతి స్తంభానికీ బిళ్ళ. బిళ్ళ పడ్డది ఎవరూ ఎక్కరు, మనవాళ్ళయినా, క్రాస్‌డేల్ అయినా. వాళ్ళు ఈ రోజు నుంచి ఈ శాఖ సభ్యులు."

"అందుకు కేంద్ర కార్యాలయం అనుమతి కావాలి," అన్నాడు పెటిగ్రూ.

"అడుగుతాం. ముందు చేర్చుకుంటాం."

చేతులు లేచాయి. అన్నీ లేవలేదు. అయిదారుగురు కోట్లు తొడుక్కుని, డెరిక్ వంక చూడకుండా బయటికి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకడు అతనితో పాతికేళ్ళు ఒకే వ్యానులో తిరిగిన మనిషి. ఆ రాత్రి డెరిక్‌కి నిద్ర పట్టకపోవడానికి కారణం కమిషన్ కాదు, ఆ స్నేహితుడే.

*

మంగళవారం తెల్లవారుతూనే రైల్వే స్టేషను దగ్గర మొదలుపెట్టారు. కంపెనీ ఉద్యోగులూ కాంట్రాక్టు మనుషులూ జతలు జతలుగా వీధి వీధికీ విడిపోయారు. కొట్టడం, వినడం, గుచ్చడం. బాగున్న స్తంభం జోలికి పోలేదు. ఆ విషయంలో గ్వెన్ కచ్చితంగా ఉంది. ఒక్క మంచి స్తంభానికి బిళ్ళ కొట్టినా మన మాట అబద్ధమవుతుంది అని ముందే చెప్పింది.

మార్కెట్ వీధిలో ఒకావిడ ఇంటి గుమ్మంలోంచి విరుచుకుపడింది. "వారం నుంచి ఇంటర్నెట్టు లేక నేను ఛస్తుంటే, బాగుచెయ్యకుండా మేకులు కొడుతున్నారా? సిగ్గు లేదూ?"

జాహిద్ ఆమె చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చాడు. "గుచ్చు అక్కా."

"నేనా?"

"నువ్వే. మెల్లగా గుచ్చు చాలు."

ఆవిడ గుచ్చింది. అది వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. ఆవిడ అప్పుడన్న మాట రాయడానికి వీల్లేదు గానీ, ఆ తర్వాత చెప్పులేసుకుని వాళ్ళ వెంట నడిచింది. పక్కింటి వాళ్ళని కూడా పిలిచింది. టౌన్ హాలు చేరేసరికి వెనక పెద్ద గుంపే ఉంది.

అక్కడ కంపెనీ బస్సులో దింపిన ఆఫీసు సిబ్బంది "ఒకే కుటుంబం" అని రాసిన నీలం చొక్కాలు కోట్ల మీద తొడుక్కుని, చలికి వణుకుతూ నిలబడ్డారు. ఎదుట అద్దె కంపెనీల ప్రతినిధి ఒకడు మెరిసే బూట్లు వేసుకుని ఫోనుతో టపటపా ఫోటోలు తీస్తున్నాడు. సరిగ్గా హాలు మెట్ల పక్కనే ఒక స్తంభం. దాని మీద డెరిక్ కొట్టిన బిళ్ళ.

మేనేజరు మార్టిన్ ఫెల్ ముఖం కందగడ్డలా అయిపోయింది. "పీకేయ్ అది!"

"పీకను. పుచ్చిపోయింది."

"ఆ స్తంభం బ్రహ్మాండంగా ఉంది! కమిషన్ వాళ్ళు కారు దిగుతున్నారు, ఇప్పుడే రుజువు చేస్తాను. ఏయ్, క్రాస్‌డేల్! నువ్వే, పొడుగాయనా. ఎక్కు."

కోస్తెల్ ముందుకొచ్చాడు. గుంపు గతుక్కుమంది. అతను నడుముకి బెల్టు బిగించాడు. సుత్తి తీసి స్తంభాన్ని కొట్టాడు. చెవి ఒగ్గి విన్నాడు. మళ్ళీ కొట్టాడు. కమిషన్ అధ్యక్షురాలు కారు దిగి, తలుపు పట్టుకుని అలాగే నిలబడి చూస్తోంది. కోస్తెల్ నిదానంగా బెల్టు విప్పి ఫెల్ కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఎక్కను."

"ఇంకొకడు రండి! ఎక్కినవాడికి ఈ వారం కూలి రెట్టింపు!"

ఇంకొకడు వచ్చాడు. కొట్టాడు, విన్నాడు, బెల్టు విప్పి పెట్టాడు. మూడోవాడు వచ్చాడు. వీళ్ళంతా ఇంటికింత కూలి మనుషులు. సాయంత్రానికి పని ఉండదని ప్రతి ఒక్కడికీ తెలుసు. అయినా విప్పారు. వాళ్ళ వెనక కంపెనీ ఉద్యోగులు వరసకట్టారు. ఫెల్ ఇక ఎవర్నీ పిలవలేదు, అయినా వాళ్ళు వస్తూనే ఉన్నారు.

మెరిసే బూట్ల ప్రతినిధి ఉబ్బితబ్బిబ్బవుతూ అధ్యక్షురాలి దగ్గరికి పరుగెత్తాడు. "చూశారా మేడమ్! సరిగ్గా ఇదే మేం చెప్పేది! మాతృసంస్థ నుంచి విడదీస్తే తప్ప..."

"నువ్వాగవయ్యా," అన్నాడు డెరిక్. "మీ లైన్లు లాగేదీ ఈ మనుషులే. మీరు వీళ్ళకి ఇచ్చేదీ ఇంటికింతే."

అధ్యక్షురాలు డెరిక్ దగ్గరికి వచ్చింది. నెమ్మదస్తురాలు, మర్యాద తెలిసిన మనిషి. "మీ ఆందోళన అర్థమైంది. కాని నా ముందున్న ప్రశ్న ఒకటే. ఈ నెట్‌వర్కు మాతృసంస్థలోనే ఉండాలంటారా, విడిపోవాలంటారా? మీ మాట నమోదు చేస్తాను."

డెరిక్ తన బెల్టు ఆమె ముందుకి చాచాడు.

"ఇదిగోండమ్మా. ఆ ఫెల్ గారిది ఆల్బియన్. ఆ బూట్లాయనది అవతలి పక్షం. ఇద్దరికీ ఈ స్తంభం కావాలి. ఇద్దర్లో ఎవరెక్కుతారో కనుక్కోండి. ఎక్కినవాడికే రాసివ్వండి."

ఆమె ఫెల్ వైపు చూసింది. ఫెల్ స్తంభానికి దూరంగా ఒక అడుగు జరిగాడు. బూట్లాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. జనంలో మొదట మార్కెట్ వీధి ఆవిడ అరిచింది, "ఎక్కండ్రా!" అని. ఆ తర్వాత వీధంతా అదే కేక. నీలం చొక్కాల్లో ఒకమ్మాయి తన చొక్కా విప్పేసి చంకలో పెట్టుకుంది.

అంతటితో అంతా చక్కబడిపోయిందని చెబితే అబద్ధం. ఫెల్ అక్కడికక్కడే డెరిక్‌నీ గ్వెన్‌నీ పనిలోంచి ఆపేశాడు. క్రాస్‌డేల్ వాడు మధ్యాహ్నానికల్లా కోస్తెల్ మనుషులందరికీ రేపట్నుంచి రావద్దని కబురు పెట్టాడు. కంపెనీ ఆస్తికి మేకులు కొట్టారనీ, దారికి అడ్డం పడ్డారనీ పోలీసులు వచ్చారు. మొదట డెరిక్ మోచెయ్యి పట్టుకున్నారు. అతన్ని ఎక్కించిన కారుకి జనం అడ్డం నిలబడ్డారు. గ్వెన్ వాళ్ళని పక్కకి జరిపి, "మన పని ఇక్కడ కాదు. సుత్తులు తీసుకోండి. పై వీధులు మిగిలున్నాయి," అంది. కోస్తెల్ సుత్తి భుజాన వేసుకున్నాడు. ఉద్యోగం పోయినవాళ్ళూ, పోబోతున్నవాళ్ళూ, ఏ ఉద్యోగమూ లేని ఇంటివాళ్ళూ అతని వెంట కొండ వీధి ఎక్కారు.

కారు కదిలింది. డెరిక్ పక్కన కూర్చున్న కానిస్టేబులు కుర్రవాడే, ఈ లోయవాడే. కొంత దూరం పోయాక ముందు సీట్లో ఉన్న అధికారికి వినబడకుండా వంగి అడిగాడు.

"చర్చి గట్టు మీద మా అమ్మ ఒక్కతే ఉంటుంది. ఆమె గేటు పక్కన ఒక స్తంభం ఉంది. ఫోను బాలేదంటే, బాగు చేయడానికి రేపు పొద్దున ఎవరో వస్తామన్నారట. అది... అది కూడా పుచ్చిందేనా?"

"తెలీదు నాయనా. దాన్ని ఇంకా ఎవరూ కొట్టి చూడలేదు," అన్నాడు డెరిక్. "మావాళ్ళు రేపు తెల్లారేసరికి ఆ వీధికి వస్తారు. వచ్చినప్పుడు నువ్వు అడ్డం రాకు."